శంఖం ఊదాక వచ్చిన బండి

సాలువా ఊరు, సవాయీ దీవి
4 మార్చి 2003

...కూర్చోబెట్టి కోకో కాచి ఇస్తుంది, వాడు తాగేసి ఆ కప్పు కూడా ఎత్తుకుపోతాడు అని నాన్న అనేసరికి అమ్మ నవ్వాపుకోలేక గిన్నెతో సహా బయటికి పారిపోయింది. నిన్న ఇక్కడిదాకా రాశాను అత్తయ్యా. ఇంతలో సాయంత్రం శంఖం ఊదేశారు. ప్రార్థనకి కూర్చోవాలి కదా, కాగితం మడిచి గౌను లోపలికి తోసేశాను. కీర్తన పాడినంతసేపూ గుచ్చుకుంటూనే ఉంది.

అసలు ఎలా మొదలైందో చెప్పలేదు కదూ. నువ్వు చెప్పినట్టే నీ పేరు ఎత్తకుండా అడిగాను. "నాన్నా, పన్నెండేళ్ళు టీచరుగా చేసినావిడ పోలీసుల్లో చేరొచ్చా?" అన్నాను, ఏదో స్కూలు ప్రశ్న అడిగినట్టు. నాన్న చామదుంపలు కడుగుతూ తల కూడా ఎత్తలేదు. "ఫువాతీనో అడగమందా?" అన్నాడు. నాకు పని చెప్తే అంతే మరి. ఆ తర్వాతే "నా చెల్లెలు దొంగని పట్టుకుంటే ఏం చేస్తుందో నాకు తెలీదా" అంటూ ఆ కోకో మాట.

కానీ దుంపలన్నీ సంచుల్లోకి ఎత్తాక నవ్వకుండా ఇంకో మాటన్నాడు. "దానికి ఇష్టమైతే చేరమను. చెల్లెలు చెప్పాక ఎందుకని అడిగే అన్న మన ఇంట్లో ఎప్పుడూ లేడు." అమ్మ వెనకనించి, "పెళ్ళాం చెప్తే మాత్రం వంద ఎందుకులు" అంది. నాన్న వినపడనట్టు బండి తుడుచుకున్నాడు.

నన్నడిగితే చేరిపో. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, ఇప్పుడేంటి అని రాశావు. క్రిస్మస్ సంతలో నా జడ లాగినవాడిని గొడుగుతో కొట్టుకుంటూ బస్సుల దాకా తరిమావు చూడు, అప్పుడు నీకు ముప్పై నాలుగు ఉన్నట్టు వాడికి అనిపించలేదు. నిజంగా అత్తయ్యా, నీకు యూనిఫాం బాగుంటుంది. స్కూల్లో అందరికీ చెప్పుకుంటాను.

ఇక్కడి కబుర్లు ఏమున్నాయి. లాతు అన్నయ్య రోజుకి రెండు చొక్కాలు ఉతుక్కుంటున్నాడు. పక్కూరు ఫాతివైలో వాలీబాల్ అట. అక్కడి పెద్ద తుయిలోమా గారి కూతురు మాలియా కూడా ఆడుతుందట. బంతి ఎటు పడ్డా మావాడు ఆవిడ వైపే పరిగెడుతున్నాడని చెప్పుకుని నవ్వుతున్నారు.

ఉత్తరాన్ని ఫెర్రీలో టీ అమ్మే లోసా పిన్నికే ఇస్తున్నాను. నువ్వూ ఆవిడకే ఇవ్వు. కొట్టు దగ్గర ఫోన్ వద్దు. ఆ కొట్టాయన పక్కనే నిలబడి వింటాడు, మనం ఏడవకముందే ఊరు ఏడుస్తుంది.

నీ గూఢచారి
తిరేసా


ఆపియా
12 మార్చి 2003

నా పనికిమాలిన గూఢచారికి,

ఉత్తరం టీ మరకలతో చేరింది. కప్పు ఎత్తుకుపోతాడన్న మాట చదివి ఒక్కదాన్నే గదిలో పగలబడి నవ్వాను. మీ నాన్నకి చెప్పు, దొంగకి కోకో ఇస్తాను గానీ పంచదార వెయ్యనని.

ఫారం ఇచ్చేశాను. ఇంటర్వ్యూ ఇరవయ్యో తారీఖు. పరిగెత్తించి చూస్తారట. రోజూ పొద్దున్నే సముద్రం పక్కన పరిగెడుతున్నాను. కుక్కలు కూడా వెంటపడటం మానేశాయి, జాలేసి.

ఎందుకు అని నువ్వు అడగలేదు, మీ నాన్న అడగడు. కానీ నీకు చెప్పాలనుంది. పోయిన ఏడాది నా క్లాసులో ఏడేళ్ళ పిల్ల చెయ్యి వాచిపోయి వచ్చింది. చెట్టు మీంచి పడ్డానంది. నేను హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పాను. ఆవిడ పాస్టర్ గారికి చెప్పింది. ఆయన ఆదివారం ప్రార్థన చేశాడు. అందరం ఎవరికో ఒకరికి చెప్పాం తిరేసా. ఆ ఇంటికి మాత్రం ఎవరం వెళ్ళలేదు. తర్వాత ఆ పిల్ల స్కూలుకి రాలేదు. నేను వెళ్తాను అనే మనిషి ఒకరుండాలి కదా అని అప్పట్నించి అనిపిస్తూనే ఉంది. నువ్వు చేరిపో అన్నాక గట్టిగా అనిపించింది. నన్ను ముందుకి తోసింది నువ్వే, గుర్తుపెట్టుకో.

ఒక్క విషయం. ఎంపికైనా, ప్రమాణం చేయించే ముందు మన ఊరికి ఒక మనిషిని పంపి కుటుంబం గురించి అడుగుతారట. భయపడకండి. ఉన్నదున్నట్టు చెప్తే చాలు. మనింట్లో దాచేదేముంది, లాతు చొక్కాలు తప్ప.

వదినకి ముద్దులు.

పరిగెడుతున్న
అత్తయ్య


సాలువా
25 మార్చి 2003

ప్రియమైన అత్తయ్యకి,

అందరం క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను.

నేను బాగా ఆలోచించాను. నువ్వు పోలీసుల్లో చేరొద్దు. ఆ బూట్లు నీకు సరిపోవు, నీ కాళ్ళు వెడల్పు. శుక్రవారం సాయంత్రాలు తాగినవాళ్ళని ఎత్తి బండిలో వెయ్యాలట, మా క్లాసు పిల్ల చెప్పింది. ఎండలో నిలబడితే నీకు తలనొప్పి వస్తుంది. నీ స్కూలు పిల్లలు నీ కోసం ఏడుస్తారు. ఇంకా చాలా కారణాలున్నాయి, తర్వాత రాస్తాను.

ఇంటర్వ్యూకి వెళ్ళే ఉంటావు. ఫరవాలేదు, మనసు మారిందని చెప్పు.

ఇంకోటి. స్కూల్లో డిబేట్ ఉంది. దానికోసం అడుగుతున్నాను. పోలీసావిడ సొంత మనుషులే ఏదైనా తప్పు చేస్తే ఆవిడేం చెయ్యాలి? ఆవిడకి తెలీనట్టు ఉండొచ్చా? నిజంగా తెలీకపోతే తప్పు ఆవిడది కాదు కదా?

మన ఊరికి అడగడానికి వచ్చే మనిషి ఎప్పుడొస్తాడు? ఇంట్లో వస్తువులు కూడా చూస్తారా? బండి లాంటివి?

ఇక్కడ కబుర్లేం లేవు. ఫాతివైలో పేనీ అని ఒకాయన శనివారం సాయంత్రం దెబ్బలు తగిలి కాలవలో పడి ఉంటే, ఆదివారం పొద్దున స్నానాలకి వెళ్ళిన ఆడవాళ్ళు చూశారట. ఆపియా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎవరేం చేశారో తెలీదు, ఒక్కొక్కళ్ళూ ఒకటి అంటున్నారు. నాన్న ఆదివారం గుడి నించి వచ్చి భోజనం ముందు కూర్చుని లేచి వెళ్ళిపోయాడు. సీమపనస పచ్చిగా ఉందన్నాడు. పచ్చిగా లేదు.

ఇట్లు
తిరేసా


ఆపియా
31 మార్చి 2003

తిరేసా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చేతిరాత నీది. గొంతు మాత్రం మా అన్నయ్యది.

వెడల్పు కాళ్ళట! మూడు వారాల్లో నా కాళ్ళు వెడల్పయ్యాయా? ఆయనకి ఇష్టం లేకపోతే నా మొహం మీద చెప్పొచ్చు. అన్న అడ్డు చెప్పకూడదు కాబట్టి కూతురి చేత రాయిస్తాడా? నాకు చాలా కష్టంగా ఉంది. నేనంటే గౌరవం అనుకున్నాను. అది ఉత్త మర్యాదన్నమాట.

ఆయనకి చెప్పు, నన్ను తీసుకున్నారు. ఇవాళే కబురొచ్చింది. నలభై మందిలో పదకొండు మందిమి. ఈస్టర్ తర్వాత ఇరవై ఎనిమిదో తారీఖున ప్రమాణం చేయిస్తారు. స్కూల్లో రాజీనామా ఇచ్చేశాను. పిల్లలు ఏడవలేదు, టోపీ చూపించమన్నారు.

నీ డిబేట్ ప్రశ్న. ఇంటర్వ్యూలో కూడా ఇదే అడిగారు, విచిత్రంగా. నేను చెప్పింది రాసుకో: సొంత మనిషైతే ముందు తీసుకెళ్ళి అప్పజెప్పాలి, తర్వాత ఇంటికొచ్చి ఏడవాలి. తెలీనట్టు ఉండటం అనేది లేదు. వాళ్ళకి నచ్చింది. నీకు కూడా మార్కులొస్తాయి.

వచ్చే మనిషి బండి చూస్తాడా అని అడుగుతావేంటే, పెళ్ళిసంబంధానికి వస్తున్నాడా?

కోపంగా ఉన్నాను గానీ నీ మీద కాదు.

అత్తయ్య


సాలువా
4 ఏప్రిల్ 2003

అత్తయ్యా,

నాన్న ఏమీ రాయించలేదు. ఒట్టు. నువ్వు కోపంగా ఉన్నావని చెప్పాను, టోపీ మాట కూడా చెప్పాను. తల ఊపి, "నా చెల్లెలికి ఇచ్చారా, మంచిది" అని మెల్లగా అన్నాడు. ఈమధ్య ఏ మాటా పెద్దగా అనడు.

నీకొకటి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను, మూడు చింపి పొయ్యిలో వేశాను. అమ్మ "అంత పొగేంటే" అని కూడా అడిగింది.

మన ఇంట్లో ఒకరు ఫాతివై వాళ్ళకి తప్పు చేశారు. పెద్ద తప్పు. నేను చూశాను. అక్కడే ఉన్నాను. పేరు రాయను. రాస్తే నీకు తెలిసిపోతుంది, తెలిస్తే నువ్వు ఏం చేస్తానన్నావో పోయిన ఉత్తరంలో రాశావు. అందుకే రాయను. కానీ ఎవరికైనా చెప్పకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది. క్లాసులో మేడం పేరు పిలిస్తే ఉలిక్కిపడుతున్నాను.

వాళ్ళకి తెలిస్తే ఏమవుతుందో నీకు తెలుసు. వాళ్ళు రాకముందే మనమే వెళ్ళి, వాళ్ళు క్షమించి చాప ఎత్తి లేపేదాకా, వాళ్ళ వాకిట్లో చాప కప్పుకుని కూర్చోవాలి కదా. కానీ కూర్చుంటే ఎందుకు కూర్చున్నామో అందరికీ తెలుస్తుంది. రోజులు గడిచే కొద్దీ వాళ్ళు ఒప్పుకోరని అమ్మమ్మ చెప్పేది. ఎన్ని రోజులు దాటితే ఒప్పుకోరు?

లాతు అన్నయ్య ఇంకా రోజూ ఫాతివై వెళ్తున్నాడు. వెళ్ళొద్దురా అంటే నవ్వుతాడు. వాడిని ఏమైనా చేస్తారేమోనని వాడు తిరిగొచ్చేదాకా రోడ్డు మీదే కూర్చుంటున్నాను.

నాన్నకి ఏమీ రాయకు. నేను చెప్పానని అస్సలు తెలీకూడదు.

తిరేసా


ఆపియా
8 ఏప్రిల్ 2003

నా బంగారు తల్లీ,

ఇంత చిన్నదానివి, ఇంత బరువు ఒక్కదానివే మోశావా? నన్ను క్షమించు. బూట్లు, తలనొప్పి అని ఎందుకు రాశావో ఇప్పుడు అర్థమైంది. వచ్చే మనిషికి ఈ సంగతి తెలిస్తే నా ఉద్యోగం పోతుందని భయపడ్డావు కదూ?

పేరు రాయకపోతే నాకు తెలీదనుకున్నావు. రోజుకి రెండు చొక్కాలు! లాతు వెధవ! మాలియాని ఏం చేశాడో నువ్వు చూశావు, నోరు విప్పలేకపోయావు. పిల్ల పరిస్థితి ఏంటో నేను అడగను. ఆ అమ్మాయికి ముగ్గురన్నలు. వాళ్ళ కంట్లో పడకముందే మనం వెళ్ళాలి.

ఇందులో పోలీసుల పనేం లేదు. ఊళ్ళో తీరిపోయేదే. నేను మీ నాన్నకి వేరే చీటీ రాశాను, నీ పేరు లేకుండా. రెండే మాటలు: "అన్నయ్యా, నాకంతా తెలుసు. అమ్మ అల్లిన సన్నచాప తీసుకుని, ఫాతివైలో తుయిలోమా గారి వాకిట్లో కూర్చో, వాళ్ళు రాకముందే." అంతే. దారిలో ఎవరు చదివినా అర్థంకాకూడదని ఇంకేం రాయలేదు. మీ నాన్న నన్ను ఎందుకని అడగడు. ఈ విషయంలో అదే మంచిదైంది.

ఇంక రోడ్డు మీద కూర్చోకు. అన్నం తిను.

అత్తయ్య


సాలువా
12 ఏప్రిల్ 2003

అత్తయ్యా అత్తయ్యా,

ఎక్కడ మొదలుపెట్టాలి. బుధవారం లోసా పిన్ని నీ చీటీ నాన్నకి ఇచ్చేసింది. నా ఉత్తరం మాత్రం నా చేతికే ఇవ్వాలని దాచిందట. నేను స్కూల్లో ఉన్నాను. గురువారం మధ్యాహ్నం ఇచ్చింది. అప్పటికి అంతా అయిపోయింది.

బుధవారం సాయంత్రం నాన్న ఆ చీటీ చదివి వంటపాక గుమ్మంలో కూర్చుండిపోయాడు. "ఫువాతీనోకి తెలిసిపోయింది" అన్నాడు. అమ్మ "ఏం తెలిసింది?" అంటే చెప్పలేదు. నా వైపు చూశాడు. కోపంగా చూస్తే బాగుండేది. పెట్టె తీసి నానమ్మ చాప బయటికి తీశాడు. అమ్మ లబోదిబోమంది, ఎవరి ఇంటికి, ఎందుకు, ఏం జరిగిందని. "నా చెల్లెలు వెళ్ళమంది" అనే అంటాడు. నీకు తెలిసే అంతా మాట్లాడి పెట్టి, ఆ ఊరి పెద్ద ఇంటికి రమ్మన్నావని అనుకున్నాడు. నేను కూడా అదే అనుకున్నాను. నీకు ఎవరో నిజం చెప్పారనుకున్నాను.

గురువారం తెల్లారేసరికి అందరం తుయిలోమా గారి వాకిట్లో ఉన్నాం. నాన్న ముందు, చాప కప్పుకుని. వెనక అమ్మ, నేను, లాతు అన్నయ్య, ఇద్దరు బాబాయిలు, తలలు వంచుకుని. తుయిలోమా గారు నోట్లో బ్రష్షుతో బయటికొచ్చి అలాగే నిలబడిపోయాడు. "ఎవరు పోయారు?" అన్నాడు. ఆయన వెనక మాలియా కనిపించింది. అంతే, లాతు అన్నయ్య, "నాన్నా నేనేం చెయ్యలేదు, చెయ్యి కూడా పట్టుకోలేదు, బంతి ఇచ్చానంతే!" అని మొదలుపెట్టాడు. మాలియా లోపలికి పరిగెత్తింది. ఎవరో కిసుక్కుమన్నారు కూడా.

అప్పుడు చాప కిందనించి నాన్న గొంతు వచ్చింది. "పేనీని గుద్దింది నా బండి."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. తుయిలోమా గారు బ్రష్షు తీసి చేతిలో పట్టుకున్నాడు. "విలియామూ, పేనీ ఇల్లు ఇది కాదు" అన్నాడు. "అవతలి చివర, తావా ముసలావిడ ఇల్లు. నీకు తెలుసు కదయ్యా." నాన్న చాప తియ్యకుండానే, "నా చెల్లెలు ఇక్కడికే రమ్మంది" అన్నాడు.

అత్తయ్యా, ఆయన మంచివాడు. చాప ఎత్తి లేపలేదు గానీ లోపలికొచ్చి టీ తాగమన్నాడు. కానీ మేం లేచేలోపే మాట ఊరి అవతలికి పాకింది. తావా ముసలావిడ కర్రపుచ్చుకుని రోడ్డు మీదకొచ్చేసింది. "నా కొడుకు తుయిలోమా గారి పందా? పంది చచ్చిందని యజమానిని బతిమాలడానికొచ్చారా? వాణ్ణి కన్నది నేను! నా ఇల్లు మీకు కనపళ్ళేదా?" అని అరిచింది. నాన్న ఆవిడ ముందు రోడ్డు మీదే కూలబడ్డాడు. ఆవిడ ఆయన్ని దాటుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు శుక్రవారం ఆవిడ వాకిట్లో కూర్చున్నాం. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా. వాన పడి వెలిసింది, ఎండ కాసింది. చాప మీంచి ఆవిరి లేచింది. పేనీ తమ్ముళ్ళు చేతుల్లో రాళ్ళు పట్టుకుని నిలబడ్డారు, విసరలేదు. ముసలావిడ మాకెదురుగా కూర్చుని బుట్ట అల్లుకుంది. ఒకే ఒకసారి మాట్లాడింది. "మొదటే ఇక్కడికొచ్చుంటే లేపేదాన్నేమో" అంది. తర్వాత పోలీసు బండి వచ్చి నాన్నని చాప కిందనించి తీసుకెళ్ళిపోయింది. చాప గడ్డి మీద పడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. నేను మడిచి తెచ్చాను.

నీ ఉత్తరం గురువారమే స్నానాల దొడ్లో చదివాను. లాతు, మాలియా! చదివి నవ్వొచ్చింది అత్తయ్యా, నవ్వాను, ఆ నవ్వు ఎందుకొచ్చిందో తెలీదు. బండి అనే ఒక్క మాట రాసుంటే సరిపోయేది. పేనీ అని రాసినా సరిపోయేది. ఏదీ రాయలేదు నేను.

తిరేసా


ఆపియా
15 ఏప్రిల్ 2003

తిరేసా,

నువ్వు పేనీ పేరు రాశావు. మార్చి ఇరవై ఐదున. బండి చూస్తారా అని కూడా అడిగావు. తీసి మళ్ళీ చదివాను. బండీ ఉంది, పేనీ ఉన్నాడు, భోజనం మానేసిన మా అన్నయ్యా ఉన్నాడు. నేను నవ్వి పెళ్ళిసంబంధం అన్నాను. పన్నెండేళ్ళు పిల్లల నోట్లోంచి రాని మాటలు పట్టుకున్నానని గర్వపడ్డదాన్ని. నీ తప్పు కాదు అని రాస్తే నువ్వు నమ్మవు. నాదీ ఉందని మాత్రం నమ్ము. ఆ ఇంటి పేరు రాసింది నా చెయ్యి. ఎందుకని అడగడని తెలిసే రాసింది.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. విలియామూ చెల్లెలినని చెప్పాను. పేనీ లేచి కూర్చోబోయాడు, పాపం, మర్యాదకి. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. రాత్రంతా కాలవ నీళ్ళలో ఉండిపోయింది కదా, ఆ సాయంత్రమే తీసుకొస్తే ఉండేది అని నర్సు చెప్పింది. కొబ్బరిచెట్లు ఎక్కే మనిషి తిరేసా ఆయన.

ఆయన చెప్పింది ఇది. ఆ రోజు శంఖం ఊదాక బండ్లు ఆపడానికి ఊరి చివరి మలుపులో కాపలా వంతు ఆయనదట. చెయ్యెత్తాడు. దెబ్బ తగిలాక బండి ఆగిన చప్పుడు విన్నానంటున్నాడు. తలుపు తీసిన చప్పుడు కూడా. తర్వాత గుర్తులేదట. "కలేమో అమ్మా" అన్నాడు.

మీ నాన్న పోలీసులకి చెప్పింది వేరు. పంది అనుకున్నాను, బండి ఆపలేదు అని సంతకం పెట్టాడు. ఆపలేదంటే ఒక శిక్ష. ఆపి, చూసి, వదిలేసి వెళ్ళాడంటే అది వేరు. తావా కుటుంబం కూడా అదే అడుగుతోందట. చూసి వెళ్ళాడా, చూడక వెళ్ళాడా. చూడక వెళ్ళుంటే ఎప్పటికైనా చాప ఎత్తుతారేమో.

బండిలో ఆయనతో ఉన్నది నువ్వొక్కదానివే. శనివారం పడవకి వస్తున్నాను. మీ అత్తగానే వస్తున్నాను. కానీ నువ్వు నాకేది చెప్తే అది నేను దాచలేను. ప్రమాణం చేసినా, చెయ్యకపోయినా. ఆలోచించుకుని చెప్పు అని రాయబోయి ఆగాను. అలా రాయడం కూడా నీకు అబద్ధం నేర్పడమే. నాకే ఏమీ తెలీట్లేదు. మా అన్నయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని స్కూలుకి తీసుకెళ్ళేవాడు, వాగు పొంగితే.

అత్తయ్య


సాలువా
19 ఏప్రిల్ 2003

అత్తయ్యా,

నువ్వు ఈపాటికి పడవలో ఉంటావు. ఎదురుగా ఉంటే చెప్పలేను. అందుకే రాసి పెడుతున్నాను, రాగానే నీ చేతికిచ్చేస్తాను. నేను మాట్లాడను, నువ్వు చదువుకో.

ఆ శనివారం సంతలో దుంపలు అమ్ముడుపోలేదు, ఆలస్యమైంది. ఫాతివై మొదట్లోనే శంఖం వినపడింది. ఆగాలి కదా. నేను "నాన్నా, శంఖం" అన్నాను. "మనం ఇక్కడ అరగంట కూర్చుంటే మనింట్లో ప్రార్థన ఎవరు చేయిస్తారు? సంఘం పెద్దని, నా ఇల్లే చీకట్లో ఉంటే ఎలా?" అన్నాడు. గుడి దగ్గర కాపలావాళ్ళు ఇంకా రోడ్డు మీదకి రాలేదు. వాళ్ళొచ్చేలోపే దాటేశాం. నాన్న నవ్వాడు కూడా. వాన పడుతోంది. మన బండికి ఒక లైటే వెలుగుతుంది, నీకు తెలుసు.

చివరి మలుపులో పేనీ ఒక్కడే నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తాడు. ఎవరో తెలిసినవాళ్ళే అనుకున్నట్టున్నాడు, నవ్వుతున్నాడు. నాన్న పక్కనించి పోనిద్దామనుకున్నాడు. పేనీ కూడా అటే జరిగాడు.

బండి ఆగింది. ఆపలేదని నాన్న చెప్పింది అబద్ధం. దిగాడు. వెనక్కి నడిచాడు. వెనక లైటు ఎర్రగా ఆయన చొక్కా మీద పడింది. వంగాడు. అలాగే వంగి ఉన్నాడు, నేను ఒక పరలోక ప్రార్థన మొత్తం మనసులో చెప్పుకునేంతసేపు. తర్వాత వచ్చి కూర్చుని తలుపేశాడు. "పంది" అన్నాడు. నేను "నాన్నా" అన్నాను. "పంది, తిరేసా" అన్నాడు. గదమాయించినట్టు కాదు. బతిమాలినట్టు అన్నాడు.

ఇంటికొచ్చి ప్రార్థన చేయించాడు. కీర్తన మధ్యలో మాటలు మర్చిపోయాడు. అమ్మ అందించింది.

నువ్వు అడిగింది ఇదే కదా, దిగాడా లేదా అని. దిగాడు. చూశాడు. కానీ ఇంకొకటి ఉంది, అది నువ్వు అడగలేదు, ఎవరూ అడగరు. నాన్న వెనక్కి వెళ్ళినప్పుడు నావైపు అద్దం కిందకి దించి ఉంది. కాలవలోంచి మూలుగు వినపడింది. "ఎవరూ... ఎవరూ..." అని. మనిషి గొంతే. చక్కగా వినపడింది. నేను అద్దం పైకెత్తేశాను. వాన పడుతోందని కాదు. వినపడకూడదని. నాన్న వచ్చి కూర్చునేసరికి అద్దం మూసి ఉంది. పంది కాదని నేను ఒక్కమాటంటే నాన్న మళ్ళీ దిగేవాడు అత్తయ్యా. నాకు తెలుసు. ఆయన నా మొహం వైపే చూశాడు, అనమన్నట్టు. నేను ముందుకి చూశాను.

ఇన్నాళ్ళూ నాన్నకోసమే భయపడుతున్నానని నీకు రాశాను, నాకు కూడా అలాగే చెప్పుకున్నాను. పేనీకి కాలు లేదు. నాన్నని అడుగుతారు, నాన్నకి శిక్ష పడుతుంది. నన్నెవరూ ఏమీ అనరు, పిల్ల అంటారు, పాపం అంటారు. తావా ముసలావిడ నా తల మీద చెయ్యి కూడా వేస్తుందేమో. ఆ చెయ్యి వేయించుకోలేను. అందుకే ఇదంతా రాశాను. నువ్వు దాచలేనన్నావు, మంచిది, దాచకు. అద్దం సంగతి కూడా వాళ్ళకి చెప్పు. నువ్వు వెళ్ళి చెప్పే మనిషివి కదా, అందుకే కదా చేరతానన్నావు. నేను ఈ కాగితాలు నీ చేతికి

తలుపు కొడుతున్నారు.

మా ఇంట్లో ఎవరూ తలుపు కొట్టరు, తోసుకుని వచ్చేస్తారు. పట్నంలో ఉండి కొట్టడం అలవాటైంది నీకొక్కదానికే. "తిరేసా, నేనే" అంటున్నావు. నీ గొంతు బొంగురుపోయింది. దారంతా ఏడ్చినట్టున్నావు.

నీకోసమే రాశాను. నీ చేతికే ఇస్తానని ఇప్పుడే కదా రాశాను. ఒక్క నిమిషం ఆగత్తయ్యా. పరుపు కింద పెట్టేసి వస్తా